వంకలమ్మ ఉద్యోగం

ఆమెకు ఆ పేరు పెట్టింది అచ్చాఫీసు వాళ్ళు. అక్కడ పదహారేళ్ళు ప్రూఫులు దిద్దింది. ఎర్ర కలం పట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే, యంత్రం దగ్గరి మనిషి పక్కవాడి చెవిలో "వంకలమ్మ వస్తోంది, కాగితాలు సర్దు" అనేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ఏమీ అనుకునేది కాదు. వాళ్ళెప్పుడైనా ఆ పేరు కాగితం మీద రాస్తే మాత్రం, వకారం పక్కన సున్న పెట్టారో లేదో చూసేది.

ఇంట్లోనూ అంతే. మందుడబ్బా మీది అక్షరాలన్నీ చదివితే గాని మాత్ర మింగేది కాదు. ఆమె భర్త బస్సు డ్రైవరు. తమ డిపో గోడకు అంటించిన వేళల పట్టిక ఆమె కంట పడకుండా రెండేళ్ళు కాపాడుకొచ్చాడు. ఒకరోజు అతను మరిచిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి చూడనే చూసింది. మర్నాటి నుంచి ఏడు గంటల అరవై అయిదు నిమిషాలకు బయల్దేరే బస్సు ఆ డిపోలో లేకుండా పోయింది.

అచ్చాఫీసుకు ఒకనాడు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళ విజిటింగు కార్డులు వచ్చాయి. పాత కార్డే, మళ్ళీ వెయ్యి వేయమన్నారు. ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువగా ఉంది. అడిగి తెలుసుకుందామని ఆ నంబరుకే ఫోన్ చేసింది. కలవలేదు. కలవదని తట్టినప్పుడు తనమీద తనకే నవ్వొచ్చి, భోజనాల వేళ నాలుగు వీధులు నడిచి స్వయంగా ఆ కంపెనీకే వెళ్ళింది.

మేనేజరు కార్డు తీసుకుని అంకెలు లెక్కపెట్టాడు. వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు.

"మూడేళ్ళుగా ఈ కార్డే పంచుతున్నామండీ" అన్నాడు చివరికి.

"మరి ఎవరూ ఫోన్ చేయడం లేదేంటని అనుకోలేదా?"

"మార్కెట్ బాగాలేదనుకున్నాం."

ఆ తర్వాత ఏడాదికి అచ్చాఫీసు మూతపడింది. ఆమెకు అప్పటికి నలభై నాలుగేళ్ళు. ఈ వయసులో ఎర్ర కలం పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో తోచక రెండు వారాలు ఇంట్లో కూర్చుంది. ఆ రెండు వారాల్లో భర్త, అత్తగారు ఇద్దరూ బరువు తగ్గారు. మూడోవారం పొద్దున్నే చీర మార్చుకుని ఆ మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"మీ దగ్గర తప్పులు దిద్దే పని ఏమైనా ఉందా అండీ?"

"తప్పులకేం, కావలసినన్ని ఉన్నాయి. పట్టేవాళ్ళే లేరు" అని ఆయన ఆమెను ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఏదో గ్రంథాలయం కోసం చేసిన ప్రోగ్రాం అది. సభ్యులను చేర్చుకోవడం, పుస్తకాలివ్వడం దాని పని. "వాడి చూస్తూ ఉండండి, పది నిమిషాల్లో వస్తాను" అని వెళ్ళాడు.

ఆయన వచ్చేసరికి ఆమె రెండు పేజీలు రాసి ఉంచింది.

"పేరు రాయకపోయినా చేర్చుకుంటోందండీ. అది పోనీ. పుట్టిన తేదీ వచ్చే ఏడాదిది ఇచ్చాను. ఇంకా పుట్టనివాళ్ళకి కూడా సభ్యత్వం ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, పుస్తకం ఆలస్యంగా తెచ్చారని నోటీసు కూడా పంపింది."

మేనేజరు ఆ రెండు పేజీలు చదివి, కుర్చీలో కూలబడి, "సోమవారం నుంచి రండి" అన్నాడు. అలా ఆమె టెస్టర్ అయింది. అంటే, ప్రోగ్రామర్లు చేసిన దాన్ని జనం వాడకముందే వాడి, అది ఎక్కడెక్కడ తిరగబడుతుందో చెప్పే మనిషి.

చెప్పుల దుకాణం పైన అయిదు గదులు, అదే ఆఫీసు. ఆమె కుర్చీకి వీపు ఆనించి ఉన్న కుర్చీ ప్రోగ్రామరుది. అతనికి ముప్పై దాటాయి, చురుకైనవాడు, చేతిలో వేగం ఉంది. పని ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా "అయిపోయింది" అనేవాడు. సగంలో ఉన్నా అయిపోయింది, మొదలే పెట్టకపోయినా అయిపోయింది. దాంతో ఆఫీసంతా అతన్ని 'అయిపోయింది గారు' అనడం మొదలుపెట్టారు.

మొదటివారమే ఇద్దరికీ చెడింది. వంకలమ్మ రాసిన మొదటి రిపోర్టు ఇది: "తేదీ అడిగిన చోట ముప్పై రెండో తారీఖు ఇస్తే తీసుకుంటోంది. ఇది రాసినవారు ఎప్పుడూ క్యాలెండరు చూడలేదా? రెండో పేజీలో 'పుస్తకం' అన్న మాట మూడు రకాలుగా ఉంది. సిగ్గుచేటు."

అయిపోయింది గారు ఆ తర్వాత పదిరోజులు ఆమెతో మాట్లాడలేదు. వీపులు తగులుతున్నంత దగ్గర కూర్చుని ఏదైనా అడగాలంటే మేనేజరుకు ఫోన్ చేసేవాడు. మేనేజరు ఆమెకు ఫోన్ చేసి అడిగేవాడు. ముగ్గురికీ ముగ్గురి మాటా ఫోన్ లేకుండానే వినిపిస్తూ ఉండేది.

పదకొండో రోజున మేనేజరు ఆమెను పిలిచాడు. "చూడండమ్మా. అచ్చుతప్పుకి మనసు నొచ్చుకోదు. ప్రోగ్రామరుకి నొచ్చుకుంటుంది. మీరు మూడు వాక్యాలే రాయండి. నేను ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. ఎవరు చేశారన్నది వద్దు."

"సిగ్గుచేటు అన్న మాట కూడా వద్దా?"

"ముఖ్యంగా అది వద్దు."

మూడు వాక్యాలు రాయడం ఆమెకు ఎర్ర కలం వదలడం కన్నా కష్టమైంది. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేది. క్రమంగా చేతికి పట్టుబడింది. పనీ అంతే. తప్పు ఎప్పుడూ నడిమధ్యలో ఉండదని, అంచుల్లో దాక్కుంటుందని నేర్చుకుంది. ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా బుద్ధిగా ఉన్న ప్రోగ్రాం వంద అనగానే బిక్కమొహం వేస్తుంది. ఒకచోట బాగుచేశారంటే దాని ఇరుగూ పొరుగూ కూడా చూసి రావాలి, బాగుచేసిన చెయ్యి అక్కడ కూడా తగిలే ఉంటుంది. ఇవన్నీ మూడేళ్ళలో ఒంటబట్టాయి. రిపోర్టుల్లో వాక్యాలు మూడే ఉండేవి. నోటికి మాత్రం ఆ లెక్క వర్తించలేదు.

మూడో ఏట కంపెనీకి ఒక కంటి ఆసుపత్రి పని వచ్చింది. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరి తెరను తాకితే నంబరున్న చీటీ వస్తుంది. హాల్లో పెద్ద తెర మీద నంబరు కనిపిస్తుంది, ఒక గొంతు దాన్ని చదువుతుంది. లోపల డాక్టరు కీబోర్డు మీద ఒక మీట నొక్కితే తర్వాతి నంబరు పిలుస్తుంది. అంతే.

"అయిపోయింది" అన్నాడు ప్రోగ్రామరు నాలుగో వారానికి.

వంకలమ్మ చూసి, "అక్షరాలు ఇంత చిన్నవైతే ఎలాగండీ? కంటి ఆసుపత్రికి కళ్ళు బాగా కనిపించేవాళ్ళు ఎందుకొస్తారు?" అంది. అతను అక్షరాలు పెద్దవి చేశాడు. అక్షరాలు పెరిగి పెరిగి, నొక్కవలసిన బొమ్మను తెర బయటికి నెట్టేశాయి. దాన్ని లోపలికి తెచ్చాడు. చీటీ మీద నంబరు సగానికి తెగింది. ఇలా రెండు వారాలు గడిచాక, ఇంక తన కళ్ళతో చూసింది చాలు, నిజంగా ఆసుపత్రికి వెళ్ళే మనిషి కళ్ళతో చూడాలనుకుంది. అలాంటి మనిషి ఆమె ఇంట్లోనే ఉంది.

అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయింది. అంచేత ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ తన కింద పనిచేసేవే అన్నట్టు మాట్లాడేది. ఎక్కడికి వెళ్ళినా భుజాన పెద్ద సంచి ఉండాల్సిందే. అందులో రెండు జతల కళ్ళజోళ్ళు, గొడుగు, నీళ్ళ సీసా, టార్చిలైటు, సగం చదివిన నవల.

ఒక మంగళవారం ఆమెను ఆఫీసుకు తీసుకొచ్చారు. మీటింగు గది డాక్టరు గది అయింది, వసారా హాలు అయింది, ప్రోగ్రామరు డాక్టరు అయ్యాడు.

అత్తగారు తెర ముందు నిలబడింది. 'మీ వయసు ఎంచుకోండి' అని తెర మీద వచ్చింది.

"నీకెందుకు?" అని అడిగి, జవాబు కోసం చూసింది.

జవాబు రాకపోయేసరికి వేలి కణుపుతో పొడిచింది. తర్వాత కళ్ళజోడు పెట్టెతో పొడిచింది. వెనక్కి వెళ్ళే బొమ్మ ఆరుసార్లు నొక్కి, ఆరు చీటీలు సంపాదించి, "ఇందులో మంచి నంబరు ఏదే అమ్మాయ్?" అని కోడలిని అడిగింది. ఇరవై నిమిషాల్లో ఏడు తప్పులు బయటపడ్డాయి. అద్దం తలుపు అవతల కూర్చుని రాసుకుంటున్న అయిపోయింది గారి ముఖం ఒక్కో తప్పుకూ ఒక్కో మెట్టు దిగింది.

ఆఖరికి పన్నెండో నంబరు పిలిచారు. అత్తగారు సంచి సవరించుకుని లోపలికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ప్రోగ్రామరుకు ఫోన్ వచ్చి బయటికి నడిచాడు. వంకలమ్మ హాలు తెరను చూస్తూ ఉంది. ఉన్నట్టుండి పన్నెండు పదమూడైంది. పద్నాలుగైంది. గొంతు "పదమూ, పద్నా, పది, పది" అని నత్తిపడి, ఊపిరాడనట్టు ఆగిపోయింది. రెప్పపాటులో నంబరు ఇరవై మూడు దగ్గరికి చేరింది. అంటే, నిజం ఆసుపత్రిలో అయితే పదిమంది వంతు ఎవరికీ తెలియకుండా దాటిపోయినట్టే.

వంకలమ్మ గదిలోకి దూసుకెళ్ళింది. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో ఉంది.

"ఏం చేశారత్తయ్యా? ఏం ముట్టుకున్నారు?"

"నేనెందుకు ముట్టుకుంటాను? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను."

"కీబోర్డు ముట్టుకున్నారా లేదా? సరిగ్గా చెప్పండి."

"చెప్పాగా, ముట్టుకోలేదు."

ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ తప్పు మళ్ళీ జరగలేదు. అదే తెర, అదే నంబరు, అదే మీట. నొక్కినప్పుడల్లా బుద్ధిగా ఒక్క అంకె ముందుకు జరిగేది. ప్రోగ్రామరు తన కంప్యూటర్ మీద వందసార్లు చేసి చూపించి, "నా దగ్గర బాగానే ఉందండీ" అన్నాడు. "మీ కంప్యూటర్‌ని ఆసుపత్రికి పంపుతామా ఏంటి?" అంది వంకలమ్మ. అతను చిన్నబుచ్చుకుని, సమాచారం తీగలో రెండుసార్లు వెళ్తోందేమోనని ఆ భాగమంతా తిరగరాశాడు. దాంతో గొంతు అందరికంటే చివర వచ్చినవాళ్ళను మొదట పిలవడం మొదలుపెట్టింది. దాన్ని సరిచేయడానికి ఇంకోరోజు పట్టింది.

శుక్రవారం వచ్చింది. సోమవారం ప్రారంభం. మేనేజరు ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. అంతా చూశాం, సరిగ్గా ఉంది అని దాని మీద టెస్టర్ సంతకం పెట్టాలి.

"పెట్టలేనండీ."

"ఒక్కసారి జరిగింది కదమ్మా. మళ్ళీ జరగలేదు కదా."

"ఒక్కసారైనా జరిగింది. ఎందుకు జరిగిందో తెలియలేదు. తెలియనిదాన్ని లేదని ఎలా రాయను?"

మేనేజరు తల పట్టుకున్నాడు. వెనక కుర్చీలోంచి ప్రోగ్రామరు, "వంకలు పెట్టడం తప్ప ఇంకేం వచ్చు" అని గొణిగాడు. గొణుగుడు స్పష్టంగానే వినిపించింది. అచ్చాఫీసులో ఎంతమంది ఎన్నిసార్లు అన్నా తగలనిది, ఆ రోజు ఎందుకో గుచ్చుకుంది. తప్పు చేసినవాడిలా అతను తల తిప్పుకున్నాడు. ఆమె చేతిసంచి తీసుకుని ఇంటికి వచ్చేసింది. సంతకానికి మర్నాటి సాయంత్రం దాకా గడువు.

శనివారం పొద్దున ఉతికిన బట్టలు మడతపెడుతూ భర్తతో అంది: "అత్తయ్య ఏదో చేశారు. చేశారని నాకు తెలుసు. నాలుగు రోజుల్నుంచి అడుగుతున్నా, చెప్పరు."

భర్త సాక్సుకు జత వెతుకుతున్నాడు. "నువ్వడిగితే ఎవరు చెప్తారు?"

"అంటే?"

"అంటే, నేనైనా చెప్పను. నీ నీలం స్వెట్టరు ఏమైంది?"

"పోయింది కదా. ఆరేసిన చోటు నుంచి ఎవరో పట్టుకుపోయారు."

"ఎవరూ పట్టుకుపోలేదు. వేడినీళ్ళలో వేశాను. చంటిపిల్ల తొడుక్కునేంత అయింది. డిపోలో మా పిల్లికి పరిచాను." అతను సాక్సు జత దొరికినట్టు నటించాడు, దొరకలేదు. "రెండేళ్ళయింది. ఎన్నోసార్లు చెబ్దామనుకున్నా. నువ్వు అడిగేటప్పుడు ఎలా ఉంటుందంటే, జవాబు చెప్పాక తీర్పు కూడా చెప్తావేమో అన్నట్టుంటుంది."

మడత పెడుతున్న దుప్పటి ఆమె చేతుల్లో సగంలో ఆగింది. స్వెట్టరు మీద కోపం రావలసింది, రాలేదు. అచ్చాఫీసులో తను మెట్లు దిగుతుంటే గబగబా సర్దేసిన కాగితాలు గుర్తొచ్చాయి. ఆ కాగితాల్లో తన కంట పడకుండా పోయిన తప్పులు ఎన్నో. అవన్నీ అచ్చయి ఊరంతా పంచబడే ఉంటాయి. తప్పులు పట్టడంలో తనంతటి మనిషి లేదని పదహారేళ్ళు అనుకుంది. తను వస్తోందనే జనం తప్పులు దాచుకున్నారన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనేలేదు.

దుప్పటి అక్కడే పెట్టి అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ నవల చదువుతోంది. కోడలిని చూడగానే పేజీ ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"అత్తయ్యా, ఒక సాయం కావాలి. ఆ మిషన్‌లో ఏదో లోపం ఉంది. మేం ముగ్గురం నాలుగు రోజులు తన్నుకున్నా దొరకలేదు. మీ చేతికే ఒకసారి దొరికింది. ఇంకోసారి వచ్చి, ఆ రోజు ఎలా నడిచారో, ఎలా కూర్చున్నారో అలాగే చూపిస్తారా? ఏదైనా పాడైతే మంచిదే. పాడుచేయడానికే పిలుస్తున్నాం."

అత్తగారు నవల దించింది. "పాడైతే మంచిదా?"

"చాలా మంచిది."

"ముందే చెప్పొచ్చు కదే అమ్మాయ్" అని ఆవిడ లేచి సంచి అందుకుంది.

పదకొండు గంటలకు ఆఫీసులో అందరూ ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. పన్నెండో నంబరు పిలిచారు. అత్తగారు లోపలికి నడిచింది. కుర్చీ లాక్కుంది. కూర్చోవాలంటే చేతులు ఖాళీ కావాలి కాబట్టి సంచి బల్ల మీద పెట్టింది. గొడుగూ నీళ్ళ సీసా ఉన్న సంచి బరువంతా కీబోర్డు మూల మీద వాలింది.

వసారాలోంచి గొంతు "పదమూ, పద్నా, పది, పది" అంది.

"ఇదే" అంది అత్తగారు తీరిగ్గా. "ఆ రోజూ ఇలాగే అయింది. నేను టక్కున సంచి తీసేశాను."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వడిగింది నేను ముట్టుకున్నానా అని. నేను ముట్టుకోలేదు. సంచి ముట్టుకుంది."

మేనేజరు ముందు నవ్వాడు. తర్వాత ప్రోగ్రామరు నవ్వాడు. వంకలమ్మకు మాత్రం నవ్వు ఆగేదాకా కుర్చీ పట్టుకోవలసి వచ్చింది. ఆ నవ్వు కాస్త సర్దుకున్నాక ప్రోగ్రామరు గొంతు సవరించుకున్నాడు.

"నాకూ ఒక అనుమానం ఉండేదండీ. మీట అలాగే నొక్కిపట్టి ఉంచితే ఏమవుతుందో నేను చూసుకోలేదు. బుధవారమే గుర్తొచ్చింది."

"మరి మీరైనా చెప్పలేదేం?"

అతను కీబోర్డును జరిపి సరిగ్గా పెట్టాడు. ఆమె మళ్ళీ అడగలేదు. రిపోర్టు అక్కడే నిలబడి రాసింది. డాక్టరు బల్ల మీద కీబోర్డుకు ఆనించి సంచి పెట్టాను. నంబరు మారకూడదు. పదకొండు నంబర్లు మారాయి. ప్రోగ్రామరు అది చదివి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నాడు. మూడేళ్ళలో అలా తిప్పుకోవడం అదే మొదటిసారి. మీట ఎంతసేపు నొక్కినా ఒక్కసారిగానే లెక్కించాలని, పొరపాటున దాటిపోయిన నంబరును వెనక్కి పిలిచే వీలుండాలని ఇద్దరూ కలిసి అనుకున్నారు.

ప్రారంభం వారం వాయిదా వేయాలి. ఆ మాట ఆసుపత్రి వాళ్ళకు చెప్పడానికి మేనేజరు అద్దం ముందు నిలబడి రెండు రకాల క్షమాపణలు తయారుచేసుకున్నాడు. ఫోన్‌లో మొదటిది సగం చెప్పేసరికే అవతలి పెద్దమనిషి, "వాయిదానా, బతికించారు. మాకింకా కుర్చీలే రాలేదు" అన్నాడు.

వారం తర్వాత ఆసుపత్రిలో టోకెన్లు మొదలయ్యాయి. వంకలమ్మ హాలు మూల నిలబడి చూసింది. పావుగంట గడవకముందే ఒక నర్సు రోగుల ఫైళ్ళ కట్ట తెచ్చి నేరుగా కీబోర్డు మీద పడేసి వెళ్ళింది. నంబరు కదల్లేదు. గొంతు నత్తిపడలేదు. హాల్లో నలభై మంది తమ పాటికి తాము కూర్చుని ఉన్నారు. ఏమీ జరగలేదన్న సంగతి వాళ్ళెవరికీ తెలియదు. ఆమెకు తెలుసు. ఆ ఏమీ జరగకపోవడాన్ని కాసేపు కళ్ళారా చూసుకుని, ఆఫీసుకు వెళ్ళి, మేనేజరు అందాకా ఆపి ఉంచిన కాగితం మీద సంతకం చేసింది.

తర్వాతి రెండేళ్ళలో ఆమె కింద నలుగురు టెస్టర్లు చేరారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమె మొదట ప్రోగ్రాములు చూపించదు. ఎవరైనా తప్పు చేసినప్పుడు వాళ్ళను ఎలా అడగాలో చెప్తుంది. చెప్పేటప్పుడు అప్పుడప్పుడూ పాత గొంతు వచ్చేస్తుంది. వచ్చినప్పుడు ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి చెప్తుంది. అత్తగారిని మేనేజరు ప్రతి కొత్త పనికీ పిలిపిస్తాడు. ఆవిడ తనకు వీలున్న రోజు చెప్తుంది, ఆ రోజుకే ఆఫీసువాళ్ళు పని అమర్చుకోవాలి.

మొన్నామధ్య ఆవిడ కంటికి పరీక్ష ఉండి అదే ఆసుపత్రికి కోడలితో వెళ్ళింది. ఈసారి నిజం రోగిగానే. చీటీ తీసుకుని కూర్చుంది. కాసేపటికి ఆవిడ నంబరు తెర మీదికి వచ్చింది, గొంతు పిలిచింది. ఆవిడ కదల్లేదు.

"అత్తయ్యా, మీదే. లేవండి."

ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. గొంతు రెండోసారి పిలిచింది. గుమ్మంలోంచి నర్సు తొంగిచూసింది. హాల్లో వాళ్ళంతా ఎవరా ఆ నంబరు అని ఒకరి చీటీలు ఒకరు చూసుకుంటున్నారు.

"లేవండి అత్తయ్యా, డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. "కూర్చో. మూడోసారి పిలుస్తుందో, అలిగి తర్వాతివాళ్ళ దగ్గరికి పోతుందో చూద్దాం."

వంకలమ్మ నర్సు వైపు చూసింది. గడియారం వైపు చూసింది. తర్వాత ఆమె కూడా కూర్చుని, చేతిసంచిలోంచి కాగితం తీసింది.